పావువంతు రాయితీ

దగ్గరికి జరగండర్రా, మా సండర్లాండ్ ఊరి పిల్ల బెథనీ సంగతి చెబుతాను.

డిగ్రీ పట్టా పుచ్చుకుని ఇంటికొచ్చిన ఆ పిల్ల అద్దె గౌను విప్పకుండానే టీ పెడుతోంది.

"నువ్వు చదువుకున్నన్నాళ్లూ కౌన్సిల్‌వాళ్లు నిన్ను లెక్కలోకి తీసుకోలేదే. నేనొక్కదాన్నే ఉన్నట్టు ఇంటిపన్నులో పావువంతు తగ్గించారు," అంది తల్లి లోరెయిన్.

బెథనీ నవ్వింది. "అయితే ఇవాళ్టి నుంచి నేనూ మనిషినే అన్నమాట! ఉద్యోగం రానీ, ఆ పావు నేనే కడతాలేమ్మా."

"అక్కర్లేదు. నువ్వు ఇల్లు ఖాళీ చేశావని కౌన్సిల్‌కి ఫోన్ చేసి చెప్పేశాను."

"అబద్ధం కదమ్మా!"

"ఆదివారానికల్లా నిజమవుతుంది తల్లీ."

బెథనీ తన కప్పు మళ్లీ అల్మారాలో పెట్టేసి, తల్లికొక్కదానికే టీ పోసింది.

గుర్తుంచుకోండర్రా. చదువు ముగించిన పిల్ల ఎవరింటికి వచ్చినా, ఆ తల్లికి ఈ బెథనీ సంగతి చెప్పండి.