సెకండ్ గ్రూపు

శశికాంత్ లాప్‌టాప్‌ని కూతురి వైపు తిప్పాడు.

"చూడు ధనా. పోయినేడు సింగపూర్ స్టూడెంట్ బాస్కెట్‌బాల్ టీముకి పద్దెనిమిది మందిని తీసుకున్నారు. పదిహేను మంది లీగ్‌లో పైస్థాయి, ఫస్ట్ గ్రూపు కాలేజీల వాళ్లే. మీ సెకండ్ గ్రూపులో ఆరు కాలేజీలుంటే, అన్నిటికీ కలిపి ముగ్గురు."

ధనశ్రీ షూ లేసులు విప్పుకుంటోంది. తల ఎత్తలేదు.

"మంచి ప్లేయర్లంతా ఒకే చోట పోగయ్యారు. మంచి కోచ్‌లూ అక్కడే. సెలెక్టర్లు ఆ మ్యాచ్‌లకే వెళ్తారు. నువ్విక్కడ మ్యాచ్‌కి ఇరవై పాయింట్లు కొట్టినా ఎవరికి తెలుస్తుంది?"

"నాకు ఇక్కడే ఓకే లా, డాడీ," అంది, ఇక్కడి పిల్లల ఊతపదం కలిపి.

ఏడాదిన్నరగా ఇదే జవాబు. ఫస్ట్ గ్రూపు కాలేజీలు ఆర్నెల్లకోసారి సెలెక్షన్స్ పెడతాయి. ఎంపికైతే కాలేజీ మారొచ్చు. ప్రతిసారీ అతను తేదీ గుర్తుచేసేవాడు. ప్రతిసారీ ఆమె, ఫ్రెండ్స్‌తో ప్రోగ్రాం ఉందని చెప్పి పొద్దున్నే వెళ్లిపోయేది. సాయంత్రం వచ్చి, తిండి కూడా తినకుండా పడుకునేది.

రాఫెల్స్ ప్లేస్‌లో రోజంతా బ్యాంకు పని చేసి వచ్చి, ఈ వివరాలన్నీ కూర్చుని పోగుచేశాడు. ఆ పిల్లకి చీమ కుట్టినట్టయినా లేదు.

"వదిలెయ్యండి. ఆడుకుంటోంది కదా, చాలు," అంది భార్య ఉమ.

"నా బాధ అదే ఉమా. ఆడుకుంటోంది. పైకి రావాలన్న కోరికే లేదు దానికి."

ధనశ్రీ లేచి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఈసారి అతను ఆమెను అడగలేదు. ఫారం తనే నింపాడు. శనివారం పొద్దున బుకిట్ బటోక్‌లో రైలెక్కించి, హౌగాంగ్‌లోని ఫస్ట్ గ్రూపు కాలేజీకి తీసుకెళ్లాడు. స్టేషన్ బయట అతను ఫోన్‌లో మ్యాప్ తెరుస్తుండగానే, ఆమె రోడ్డు దాటి రెండు అపార్ట్‌మెంట్ బ్లాకుల మధ్య సందులోకి తిరిగింది. అతను గబగబా వెనక నడిచాడు.

కోర్టు దగ్గర అరవై మంది దాకా అమ్మాయిలున్నారు. కోచ్ పైడిరాజు తెలుగువాడేనని, వాళ్ల తాతల నాటి నుంచీ ఇక్కడే ఉంటున్నారని శశికాంత్ ముందే కనుక్కున్నాడు. ఆ ధైర్యంతో నేరుగా ఆయన దగ్గరికే వెళ్లాడు.

"నమస్తే అండీ. మా అమ్మాయి. టాలెంట్ ఉంది, ఇంటరెస్టే లేదు. సెలెక్షన్స్ అంటేనే తప్పించుకుంటుంది. ఇవాళ బలవంతంగా లాక్కొచ్చాను. మీరే కాస్త చెప్పాలి."

ధనశ్రీ నేల చూపులు చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

పైడిరాజు కళ్లజోడు సర్దుకుని ఆమెకేసి చూశాడు.

"మూడుమాట్లు కాదని పంపేసినా మళ్లీ వచ్చేవేటి తల్లీ," అన్నాడు మెల్లగా.