కిటికీ మూల

"ఇవాళ కూడా పతకం రాకపోతే సైకిళ్లు రెండూ అటకెక్కాల్సిందే. మాట తప్పకూడదు," అంది ఆమె, కుట్టుమిషన్ మీది గుడ్డ విసురుగా లాగేస్తూ.

"తప్పను. మరి వస్తే?" అన్నాడు భర్త, తువ్వాలు భుజాన వేసుకుని.

"వస్తే ఆ కిటికీ మూల నీ సైకిళ్లకే రాసిచ్చేస్తా. మళ్లీ నోరెత్తితే అడుగు."

"అమ్మా, విన్నావుగా? సాక్ష్యం నువ్వే!"

వాలుకుర్చీలో ఉన్న అత్తగారు చెయ్యి ఊపింది. "నన్ను మధ్యలోకి లాగకండిరా బాబూ."

ఇంటి మొత్తానికీ వెలుతురు ధారాళంగా పడేది ఆ మూలలోనే. అది ఆమె మిషన్ స్థానం. సీజన్ మొదలయ్యేటప్పుడు 'రేసులయ్యేదాకానే' అని బతిమాలి, మిషన్‌ని గోడవారకి జరిపి, అక్కడ సైకిళ్లు నిలబెట్టాడు. ఒకటి రోడ్డు రేసులకి, సన్న టైర్లది. ఇంకోటి కొండ రేసులకి, లావు టైర్లది. అప్పట్నుంచి ఆమె పట్టపగలు లైటు వేసుకుని, నల్లగుడ్డ మీద నల్లదారం తడుముకుంటూ కుడుతోంది. నిన్నగాక మొన్న ఒకావిడ జాకెట్టుకి కుడిచెయ్యి ఎడమకీ, ఎడమచెయ్యి కుడికీ వేసి నాలుగు మాటలు పడింది. సైకిళ్లు మాత్రం కిటికీ దగ్గర దొరల్లా ఎండ కాగుతున్నాయి.

సీజన్లో ఇదే ఆఖరి రేసు. కొండ మీద. ఇప్పటిదాకా అతగాడి మెడలో పడింది చెమట తువ్వాలే.

బాత్రూం తలుపు పడింది. నీళ్ల చప్పుడు మొదలైంది.

ఆమె లావు టైర్ల సైకిల్ని మిషన్ పక్కకి లాక్కుంది. టైరు వాల్వు మూత విప్పి, జడలోంచి పిన్ను తీసింది. కాలితో మిషన్ తొక్కుతూ, చేత్తో పిన్ను నొక్కింది. బుస్సుమన్న చప్పుడు టకటకల్లో కలిసిపోయింది.

"ఏం కుడుతున్నావే? దాన్లో గుడ్డే లేదు!" అంది అత్తగారు.

"నూనె వేశానత్తయ్యా. ఊరికే ఆడిస్తున్నా."

"రేసున్న రోజే వేస్తావేం నూనె?"

ఆమె వినపడనట్టు ఇంకాస్త జోరుగా తొక్కింది.

ఈ కిటుకు నేర్పింది భర్తే. రోడ్డు రేసుల ముందు టైరు గోటితో మీటితే కంగుమనేదాకా గాలి కొట్టి, "రాయిలా ఉంటేనే దూసుకుపోతుంది," అనేవాడు. అంతే, ప్రతి రేసు పొద్దునా ఆమె మిషన్ ఖాళీగా ఆడేది. అతను ప్రతిసారీ అందరికంటే ఆఖర్న చేరి, నవ్వుకుంటూ ఇంటికొచ్చేవాడు. ఆ రాత్రి ఆమె మనసు పీకి, అతనికిష్టమైన కూర రెండు గరిటెలు ఎక్కువ వడ్డించేది.

ఇవాళ ఆఖరిది కదా అని గాలి కూడా కాస్త ఎక్కువే తీసింది.

భర్త తల తుడుచుకుంటూ వచ్చాడు. బయట వాన మొదలైంది. కిటికీలోంచి ఆకాశం చూశాడు. బొటనవేలితో టైరు నొక్కాడు. ఆమె మిషన్ మీదికి తల వంచేసింది.

"బాగానే ఉంది," అన్నాడు. "పద, నువ్వూ రా. ఓడితే చూసి సంతోషిద్దువుగాని."

కొండ కింద బురద చీలమండల దాకా ఉంది. ఆమె గొడుగు పట్టుకుని, దోవ మలుపు వైపే చూస్తూ నిలబడింది. ముందు రాకెట్ కనిపించాడు. రాకెట్ అంటే ఊళ్లో పళ్ల డాక్టరు; రోడ్డు రేసులన్నీ గెలిచాడని అందరూ పెట్టిన పేరది. మలుపు దగ్గర రాకెట్ సైకిల్ సర్రున జారింది. డాక్టరు ఒక పక్క, సైకిల్ ఒక పక్క. వెనకాల వచ్చిన ఇద్దరూ అక్కడే బోర్లాపడ్డారు. వాళ్ల పక్కనించి, తాపీగా, చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని మెట్లు దిగుతున్నట్టు ఒకాయన దిగి వచ్చేశాడు.

ఆమె గొడుగు చేతిలోంచి జారిపోయింది. ఆయన తన మొగుడే.

భర్త మెడలో పతకం పడ్డాక, రాకెట్ కుంటుతూ వచ్చి, ఆ టైరు నొక్కి చూశాడు. "గురువుగారూ, ఇంత మెత్తగానా! అందుకే బురదని బల్లిలా కరుచుకుంది. నేను రోడ్డు మీద అలవాటు కొద్దీ రాయిలా కొట్టుకొచ్చాను. సబ్బు మీద నడిచినట్టే అయింది. ఎవరిదండీ ఈ ఆలోచన?"

"ఇంట్లో వాళ్లది," అన్నాడతను.

ఆమెకి ఆ మాట సూదిలా గుచ్చుకుంది. మూల పోయిన బాధకంటే ఇది పెద్దదైంది. రాకెట్ అటు వెళ్లగానే భర్త చెయ్యి పట్టుకుంది.

"నన్ను తిట్టు. సీజనంతా నీ టైర్లలో గాలి తీసింది నేనే. లేకపోతే ఎన్ని గెలిచేవాడివో!"

అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. "పిచ్చిదానా! ఇన్నేళ్లుగా వింటున్నా, గుడ్డ లేని మిషన్ చప్పుడు నాకు తెలీదూ? ప్రతిసారీ అక్కడికెళ్లాక మళ్లీ గాలి కొట్టుకునేవాణ్ణి. ఆ ఓటములన్నీ నా కాళ్ల పుణ్యమే."

ఆమె తెల్లబోయింది. "మరి ఇవాళ?"

"ఇవాళ వాన చూశాను. పంపు ఇంట్లోనే వదిలేశాను."

పతకం తీసి, బురద వేళ్లతోనే ఆమె మెడలో వేశాడు.

"కాబట్టి ఇది నీది. కిటికీ మూల నాది."