గుమ్మంలో గుర్తు

"నాన్నగారండీ, ఆ తూము మూసెయ్యండి. దిగువన బాబాయిగారు ఈ కాలువ నీళ్ళే తోడుకుంటారు."

మెడిసిన్ చదివే శ్రీసత్య అరచేతిలో చచ్చిన రొయ్య ఉంది. దాని పెంకు నిండా తెల్లమచ్చలు. తండ్రి నరసింహరాజు రొయ్యల చెరువు నీళ్ళు గంట నుంచీ కాలువలోకి పోతున్నాయి.

"రోగమని తెలిస్తే ఊళ్ళో తలెత్తుకోలేం. గుట్టుగా ఉండమ్మా."

"మన ఒంట్లో కణానికి వైరస్ సోకితే అది గుట్టుగా ఉండదండి. ఆ వైరస్ ముక్కనే తెచ్చి గుమ్మంలో, అంటే తన పైపొర మీద పెడుతుంది. కాపలా తిరిగే టి కణం అది చూసి, ఆ కణాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది. పక్కవి బతుకుతాయి."

"చూపించకుండా దాచుకుంటే?"

"కాపలా కణం గుర్తుపట్టక దాటిపోతుందండి. రోగం పక్కకి పాకుతుంది."

నరసింహరాజు రొయ్య వంక చూశాడు.

"దీనికీ ఉంటుందా ఆ కాపలా?"

"ఉండదండి. దీనికి మనమే కాపలా."

ఆయన వంగి తూము పలక దించాడు.

"బ్లీచింగ్ కొట్టేద్దాం. చెరువంతా పోతే పోనీ."

రోగం సంగతి అందరికీ తెలిసేలా గట్టు మీద కర్ర పాతి, భుజం మీది ఎర్ర తువ్వాలు దానికి కట్టబోయాడు.

ముడి పడకముందే, దిగువన తమ్ముడి చెరువు దగ్గర కాలువ నీళ్ళు తోడే మోటారు చప్పుడు మొదలైంది.