ఏసీ గొట్టం కింద బకెట్

"నిచ్చెన దిగు నాయనా! ఆ గొట్టం ముట్టుకున్నావంటే నిన్ను ఈ చిక్కుడుపాదుకే కట్టేస్తా," అని ఏసీ మెకానిక్‌ను బెదిరించాను.

పైవాటా ఇల్లాలు బాల్కనీలోంచి తొంగిచూసింది. "నీళ్ళు కారి గోడ పాడవుతోందని వేసవంతా అరిచారుగా బాబాయిగారూ! మా ఆయనే పిలిపించారు."

"అది బకెట్ పెట్టకముందు మాటమ్మా. ఇప్పుడు కుళాయి తిప్పకుండానే పాదు డాబా ఎక్కింది. మీ ఏసీ మహిమేమో గానీ, ఒక్కో కాయ మా ఆవిడ జడంత! గొట్టం తీసేస్తే నా పాదు ఎండిపోదూ?"

మెకానిక్ నవ్వాడు. "ఈ చలిలో ఏసీ ఎవరు వేస్తారు పెద్దాయనా? దీనికి బూజు కూడా పట్టింది."

నేను బకెట్‌లోకి తొంగిచూశాను. పొద్దున్నేగా బకెట్టెడు నీళ్ళు పాదుకు పోశాను, పాలల్లే తెల్లటివి!

ఆమె నాలుక కరుచుకుంది. "బియ్యం కడిగిన నీళ్ళండీ. ఊరికే పారబోయడమెందుకని గొట్టంలో పోస్తున్నా. మా ఏసీ పాలిస్తోందని మీరు వీధంతా చెప్పుకుంటుంటే, కాదనడానికి మనసొప్పలేదు."

బకెట్‌ను మళ్ళీ గొట్టం కిందికి జరిపాను.

"రేపట్నుంచి పప్పు కడిగిన నీళ్ళు కూడా పొయ్యమ్మా. వీధికి కొత్త కథ చెప్పి చాన్నాళ్ళయింది."