చివరి గోడ మీద సుద్దరాత

మూతబడ్డ గనుల్లో తిరగడం నాకూ, నా బావమరిదికీ సరదా. నేను ఏ గనిలోకి దిగినా, చివరి గోడ మీద సుద్దతో రాసిన వాడి పేరు అప్పటికే ఉంటుంది.

"వాడంటే మీకెందుకండీ అంత కడుపుమంట? రేపు ఇద్దరూ కలిసే వెళ్ళొచ్చుగా," అంది నా భార్య.

నేను ఆగలేదు. ఆ రాత్రే కొత్త గనిలోకి ఒంటరిగా దిగాను. గంటసేపు నడిచాక సొరంగం ఆగిపోయింది. సుద్దముక్క తీసి, గోడ మీద లైటు వేశాను.

వాడి చేతిరాత. ఈసారీ వాడే ముందు. పళ్ళు నూరుకుంటూ దగ్గరికెళ్ళి చదివాను.

"బావ కోసం ఇక్కడిదాకా వెతికాం. సుద్దముక్క ఒక్కటే దొరికింది."

కింద రేపటి తేదీ ఉంది.

నా వేళ్ళలోంచి సుద్దముక్క జారిపోయింది. అది నేలను తాకిన చప్పుడు మాత్రం నాకు వినిపించలేదు.