నాన్నకు తెలిసిన బెంచీ

ఒక అబద్ధం ఒప్పుకుంటున్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగం పోయి మూడు వారాలైంది. నందిగామ వచ్చి, ఇంట్లో మాత్రం "బెంచ్ మీదున్నా" అని చెప్పాను. మా ఐటీ భాషలో బెంచ్ అంటే ప్రాజెక్టు లేకుండా జీతం తీసుకోవడం.

నాన్న ప్రేమదాసు జగ్గయ్యపేట బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. ఆయనకు తెలిసిన బెంచీ వేరు.

నిన్న అన్నం తింటూ అడిగారు.

"ఇంకా బెంచీ దిగనివ్వలేదా సూసన్? ఏం తప్పు చేశావే?"

"తప్పేం లేదు నాన్నా. మార్కెట్ లేచిందంటున్నారు గానీ ప్రాజెక్టులు రావట్లేదు. మా టీమంతా అంతే."

"క్లాసంతా బెంచీ ఎక్కితే తప్పు మాస్టారిదే. మీ మేనేజర్ నంబరివ్వు, నే మాట్లాడతా."

నవ్వబోతే ఏడుపొచ్చింది.

"బెంచీ కూడా లేదు నాన్నా. బయటికి పంపేశారు."

నాన్న ముద్ద కంచంలోనే వదిలేశారు.

"ఎంత చదువు రానోణ్ణయినా, నేనెప్పుడూ బయటికి పంపలేదమ్మా," అన్నారు.

అమ్మకింకా తెలియదు. నా ఉద్యోగం నిలిపినందుకు దేవుడికి కృతజ్ఞతగా ఈ ఆదివారం చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్తానంటోంది. మీలో ఉద్యోగం పోయినవాళ్లు ఈ మాట మీ అమ్మకి ఎలా చెప్పారు? నాకు రాయండి. ఆదివారంలోపు.