నోటీసు మీద పసుపు

పత్తి జిన్నింగు మిల్లు గేటు లోపల అంటించిన నోటీసు మీద మళ్లీ పసుపు మరక కనిపించింది.

ఆ నోటీసు రాసింది గుమస్తా అంబదాస్. ఆదిలాబాదులో ఉర్దూ కాగితాలు పోయి తెలుగు కాగితాలు వస్తున్న కొత్త రోజులవి. మిల్లులో ఆయన రాతకు తిరుగు లేదు. కాగితం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నిండిపోవాలి. జాగా వదిలితే కాగితం దండగ. ముందు యజమానుల గొప్ప, తర్వాత పాత ఉత్తర్వుల ముచ్చట, అసలు సంగతి ఎక్కడో అడుగున. అదే మర్యాద అని ఆయన నమ్మకం.

పసుపు పూస్తున్నది బుచ్చవ్వ. మధ్యాహ్నం పూట కూలీలకు జొన్నరొట్టెలు అమ్మే ముసలమ్మ. చదువు రాదు. కొత్త నోటీసు పడితే చాలు, చదువొచ్చిన కూలీని ఎవరినో బతిమాలి, పానం మీదికొచ్చే మాట ఏడుందో వేలు పెట్టి చూపించమనేది. ఆ వరుస పక్కన పసుపు రాసి దండం పెట్టుకునేది.

ఆ రోజు అంబదాస్ ఆమెను పట్టుకున్నాడు.

"ఏందవ్వా గిది? కాగితమా, గడపనా?"

"గడపసొంటిదే బిడ్డా. లోపటికి పోయేటోళ్లు సూసుకొని పోవాలె గద."

బుచ్చవ్వ అంతటితో ఊరుకోలేదు.

"గా మాటేదో నువ్వే పైన రాయరాదు? దాని సుట్టు జర జాగ ఇడువు. గప్పుడు నా పసుపుతోని పనేముంటది?"

కూలీలు నవ్వారు. అంబదాసుకు తల తీసేసినట్టయింది. ఆమెను గేటు లోపలికి రానివ్వొద్దని అప్పుడే చౌకీదారుకు చెప్పేశాడు.

బుచ్చవ్వ గొడవ పడలేదు. గంప గేటు బయటే దించుకుని, మెడ చాచి నోటీసు వైపు చూస్తూ కూర్చునేది. చలి ముదిరాక రావడం మానేసింది.

కొన్నాళ్లకు రెండో యంత్రాన్ని తిప్పే తోలు పట్టా జారడం మొదలైంది. బాగు చేసేదాకా దాని దగ్గరికి ఎవరూ పోవద్దని అంబదాస్ నోటీసు రాశాడు. ఆ మాట ఎప్పటిలాగే అడుగున పడింది. బాలమల్లు అనే కూలీ నోటీసు ముందు కాసేపు నిలబడి, నేరుగా ఆ యంత్రం దగ్గరికే పోయాడు.

అంబదాస్ ఆఫీసు కిటికీలోంచి చూశాడు. పరుగెత్తి పోయి వెనక్కి లాగాడు. బాలమల్లు అంగీ చేయి చిరిగి పట్టాలోకి పోయింది. చేయి మిగిలింది.

"పసుపు లేదు గద సారూ, అవ్వ రాదన్న సంగతి మరిసి ఏం ఫికర్ లేదనుకున్న," అన్నాడు బాలమల్లు. "మీరు రాకముందు పోశం అనే కూలీ గట్లనే యంత్రంల పడి సచ్చిండట. అడుగునున్న మాట సూడలే. అవ్వ అప్పటిసంది పసుపు పెడుతుందంటరు."

అంబదాస్ నోటీసు చించి మళ్లీ రాశాడు. ఆ ఒక్క మాట అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో, చుట్టూ బోలెడు జాగా వదిలి. ఇంకో కాగితం మీద అదే రాసి బుచ్చవ్వ గుడిసెకు తీసుకుపోయాడు. చదువు రాకపోయినా జాగా కనిపిస్తుంది కదా, చూసి మురుస్తుందనుకున్నాడు.

గుడిసె తలుపు మూసి ఉంది. పక్కింటి ఎల్లక్క బయటికి వచ్చింది.

"మొన్న అమాసకు పోయింది సారూ. చలికి తట్టుకోలే."

అంబదాసుకు ఏడుపు ఆగలేదు. కాగితాన్ని గడప మీద పెట్టాడు.

"కొడుకు పోశంను పోగొట్టుకొని గూడ గింతమందిని కాపాడింది," అన్నాడు.

ఎల్లక్క తల అడ్డంగా ఊపింది.

"పోశం ఆమె కొడుకు గాదు సారూ. పోశం సూడని గా నోటీసు రాసి, గా బాధకు ఊరిడిసి పోయిన పాత గుమస్తా ఆమె కొడుకు."